జేబులేని బట్టలు

వస్త్రము మానమును గాపాడునది మాత్రమే గాదు, పనికి దోడ్పడునది కూడ. ఈ రెండవ ధర్మమును మన యంగళ్లు పురుషుల విషయమున మన్నించినంతగా స్త్రీల విషయమున మన్నించుట లేదని మా యభిప్రాయము.

బందరులోగాని గుడివాడలోగాని బట్టలకొట్టునకు బోయి చూడుడు. చీరలు, రవికెగుడ్డలు, లంగాఓణీలు, చుడీదారులు గుట్టలుగా నుండును. పురుషులకు జొక్కాలు, పంట్లాములు, పంచెలు. వానియందును రంగులు కొలదియే. ఇది చూచి, ఎంపిక యంతయు నాడువారిదే గదా యని మగవారు పరిహాస మాడుదురు. కాని రంగు లెన్ని యున్నను ఉపయోగము పెరుగునా? పురుషుని చొక్కాకు జేబు గలదు, పంట్లామునకు రెండో మూడో గలవు. చుడీదారులలో ననేకములకు ఒక్కటియు నుండదు. డబ్బు కొంగున ముడివేయవలె, రొంటిని దోపుకొనవలె, కానిచో వేరొక సంచి కొనవలె. పిల్లల దుస్తులును చాలవరకు అంతియే: బాలుని నిక్కరు ఆటకు, బాలిక గౌను చూపునకు. మగవానికి రంగు కరవు, ఆడుదానికి జేబు కరవు.

ఈ లోపమువలన గలుగు కష్టము పట్టణమున కంటె పల్లెలో నెక్కువ. దివిసీమలో అవనిగడ్డ, నాగాయలంక ప్రాంతములందు ఊడ్పులకు దిగు స్త్రీలను జూడుడు. ఎండ సోకకుండుటకును, వరియాకు కోయకుండుటకును వారు చీరపై పురుషుల పొడుగుచేతుల చొక్కా తొడుగుకొందురు. తరచుగా నది భర్తయో కొడుకో విడిచిన పాతదియే. భుజములు జారుచుండును, చొక్కాచేతులు బురదనీట దడియుచుండును. అయినను దానినే తొడుగుదురు. ఏలన, వారి కొలతకు గుట్టిన పనిచొక్కా అంగడిలో దొరకుట యరుదు. పెండ్లిచీర లన్ని యున్న చోట పనిబట్ట యొక్కటి లేకపోవుట విచారకరము గాదా?

ఏ వస్త్ర మెవరిదను నిర్ణయము దైవకృతము గాదు. 17వ శతాబ్దమున మచిలీపట్నపు అద్దకములు ఓడలమీద పారశీకమునకును ఐరోపాకును బోయెడివి. మన తీరపు పూలగుడ్డలతో ఐరోపా పురుషులు సైతము ఇంటిలో దొడుగుకొను పొడవుటంగీలు గుట్టించుకొనిరి. ఆ మోజు పెరిగి తమ నేతపని చెడునని భయపడి, ఫ్రాన్సు ప్రభుత్వము 1686లో నట్టి గుడ్డలను నిషేధించెను. పువ్వులగుడ్డ ఆడువారికే తగునను మాట అప్పుడు లేదు. తరువాత వచ్చిన వాడుక అది. వాడుకను మనుష్యులే కల్పించిరి గనుక మనుష్యులే మార్పవచ్చును.

ధరల సంగతియు నిట్టిదే. 2015లో న్యూయార్కు నగరపు వినియోగదారుల శాఖవారు సుమారు 800 వస్తువులను బోల్చి చూచి, స్త్రీలకని యమ్మునవి సగటున నూటికి 7 వంతున ప్రియమని తేల్చిరి. మన దేశమున 2017 జూలైలో వస్తుసేవల పన్ను వచ్చినపుడు మట్టిగాజులకును, కుంకుమకును, బొట్టునకును బన్ను లేదు. శానిటరీ నాప్‌కిన్లకు మాత్రము నూటికి 12 చొప్పున విధించిరి. అలంకారము స్త్రీకి అవసరమని తలచినవారికి ఆరోగ్యము అవసరమని తోచలేదు. స్త్రీలు గట్టిగా నడిగినమీదట 2018 జూలైలో ఆ పన్ను తొలగినది.

కావున, సోదరీమణులారా, అడుగుట నేర్తము. చుడీదారు కొనునపుడు జేబు గలదా యని వర్తకుని నడుగుడు. లేనిచో దర్జీచేత వేయించుకొనుడు. పదిమంది యడిగిన వస్తువును పదునొకండవవారి కొరకు వర్తకుడే తెచ్చి పెట్టును. పెడనలో నేతయు గలదు, అద్దకమును గలదు. ఊరూర గుట్టుపని నేర్చిన మహిళాసంఘములు గలవు. ఆ నూలుగుడ్డతో, స్త్రీల కొలతకు, లోతైన జేబుతో నొక పనిచొక్కా గుట్టి తొలకరికి ముందే దివిసీమ సంతలకు బంపిన, కుట్టినవారికి గూలి, తొడిగినవారికి సుఖము. ఆ చొక్కాకు పువ్వులున్నను మాకు సమ్మతమే. జేబు మాత్రము మరువరాదు.