చిన్నరకం డీజే కంట్రోలర్లు

డీజే కంట్రోలర్ అనగా కంప్యూటరులోని పాటలను చేతితో నడిపించుటకు వాడే, మీటలు, చక్రాలు గల ఒక పెట్టె. రెండు పాటలను ఒకదానిలో ఒకటి కలపడం, వేగం పెంచడం, తగ్గించడం, పాటను ఒకచోట నిలిపి మళ్ళీ అక్కడినుండే ఎత్తుకోవడం వంటి పనులు దీనితో చేస్తారు. వీటిలో పుస్తకాల సంచిలో పట్టేంత చిన్నవి 2003 నుండి 2012 మధ్యకాలంలో ఎక్కువగా వెలువడినవి. వాటిలో చాలా నమూనాల తయారీ ఎప్పుడో ఆగిపోయినది. ఒక తయారీ సంస్థ దివాలా కూడా తీసినది. అయినా ఆ పెట్టెలు చేతులు మారుతూ నేటికీ వాడుకలో ఉన్నవి. ఐదారేళ్ళకే సెల్‌ఫోను పాతబడిపోయే కాలంలో ఇవి నిలవడానికి గల కారణాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

పేరు

డీజే అనునది డిస్క్ జాకీ అనే మాటకు పొట్టిరూపం. రికార్డులు వేసే మనిషి అని దాని అర్థం. తెలుగునాట మాత్రం ఈ మాట మనిషి నుండి సామానుకు మారినది. చిత్తూరు, తిరుపతి జిల్లాలలో "ఊరేగింపుకు డీజే పెట్టినారు" అంటే లారీపైనో ట్రాక్టరుపైనో పేర్చిన స్పీకర్లు, యాంప్లిఫయర్లు, రంగుదీపాలు అని అర్థం. అంతకుముందు ఇదే స్థానంలో "మైకుసెట్టు" అనే మాట ఉండేది. అందువలన డీజే కంట్రోలర్ అనగానే పెద్ద చప్పుడు చేసే యంత్రమేమో అనిపించవచ్చు. నిజానికి ఆ సామానంతటిలో ఏ చప్పుడూ చేయనిది ఇదొక్కటే.

పనిచేసే విధానం

కంట్రోలరులో పాట ఉండదు. పాట కంప్యూటరులో ఉంటుంది, దానిని వాయించేది కంప్యూటరులోని సాఫ్టువేరు. కంట్రోలరు చేసే పని చేతి కదలికను అంకెలుగా మార్చి పంపడమే. ఇందుకు ఎక్కువ కంట్రోలర్లు వాడే భాష పేరు మిడి. ఒక జారుడు మీటను కదిపితే మూడు బైట్ల సందేశం వెళుతుంది. అందులో ఇది ఏ రకమైన ఆజ్ఞ, ఏ మీట కదిలినది, ఇప్పుడు దాని విలువ ఎంత అనే సంగతులు ఉంటాయి. విలువ 0 నుండి 127 వరకు ఉంటుంది. మీట అడుగున ఉంటే 0, నడుమ ఉంటే 64, పైకంటా తోస్తే 127. ఆ అంకెను శబ్దపు హెచ్చుతగ్గులకు వాడాలా, పాట వేగానికి వాడాలా అన్నది సాఫ్టువేరు నిర్ణయిస్తుంది.

అంటే ఒకే మీటకు ఈ రోజు ఒక పని, రేపు మరొక పని అప్పగించవచ్చు. ఇలా పని అప్పగించే పట్టికను మ్యాపింగ్ అంటారు. పెట్టెపై ముద్రించిన పేర్లు తయారీదారు సలహాలు మాత్రమే.

చిన్న కంట్రోలర్లకు వేరే కరెంటు తీగ కూడా అవసరముండదు. యుఎస్‌బి 2.0 ద్వారా కంప్యూటరు 5 వోల్టుల వద్ద 500 మిల్లీ ఆంపియర్లు, అనగా 2.5 వాట్లు ఇవ్వగలదు. ఈ పెట్టెలకు అది చాలు. జాతరలోనో పెళ్ళి విడిదిలోనో కరెంటు పోయినపుడు స్పీకర్లు మూగబోతాయి కానీ, ల్యాప్‌టాప్ బ్యాటరీపై కంట్రోలరు పనిచేస్తూనే ఉంటుంది. జనరేటరు అందుకోగానే పాటను కావలసిన చోటినుండి ఎత్తుకోవచ్చు.

చరిత్ర

రెండు రికార్డు ప్లేయర్లు, నడుమ ఒక మిక్సరు అనే అమరిక 1970ల అమెరికాలో స్థిరపడినది. జపానుకు చెందిన మత్సుషిత సంస్థ టెక్నిక్స్ పేరుతో 1972లో తెచ్చిన ఎస్ఎల్-1200, 1979లో వచ్చిన దాని రెండవ రూపం ఈ అమరికకు ప్రమాణాలైనవి. ఒక్కొక్కటి పది కిలోల పైమాటే, రికార్డుల పెట్టెల బరువు అదనం. తెలుగునాట మైకుసెట్టువారికి ఈ రెండు రికార్డుల పద్ధతితో పరిచయం తక్కువ. పాట తరువాత పాట వేయడమే వారి పని. రికార్డు నుండి క్యాసెట్టుకు, దాని నుండి సీడీకి, ఆపై కంప్యూటరుకు వారు మారినారు.

మిడి 1983లో వచ్చినది. అమెరికాకు చెందిన డేవ్ స్మిత్, జపానుకు చెందిన ఇకుతారో కకెహాషి దీనికి ముఖ్యులు. వేర్వేరు కంపెనీల కీబోర్డులు ఒకదానితో ఒకటి మాట్లాడుకొనుటకు పుట్టిన ఈ భాషకు డీజేలతో మొదట సంబంధం లేదు. మిడి సందేశాలను యుఎస్‌బి తీగ ద్వారా పంపే పద్ధతిని 1999లో ప్రమాణీకరించినారు. (యుఎస్‌బి రూపకర్తలలో ఒకరైన అజయ్ భట్ వడోదరలో చదువుకున్న ఇంజనీరు.) మన కథలో అసలు మలుపు ఈ 1999 ప్రమాణమే. దానిని పాటించిన పరికరానికి ప్రత్యేకమైన డ్రైవరు అక్కరలేదు, తీగ తగిలించగానే కంప్యూటరు గుర్తిస్తుంది.

ఫ్రాన్సుకు చెందిన హెర్క్యులిస్ సంస్థ 2003లో డీజే కన్సోల్‌ను విడుదల చేసినది. 2007లో జపాను సంస్థ వెస్టాక్స్ తెచ్చిన విసిఐ-100 ఇనుప పెట్టెలో, గట్టి మీటలతో వచ్చి పేరు తెచ్చుకున్నది. అదే సంవత్సరం ఎయాన్ గోల్డెన్ అనే అమెరికన్ డీజే ఒక పత్రికా వ్యాసంలో ఈ కొత్త వాయిద్య పద్ధతిని కంట్రోలరిజం అనే పేరుతో పరిచయం చేసినాడు. ఆయన బృందం విసిఐ-100 మీటలను తీసి, వీడియో ఆటల యంత్రాలలోని గుండ్రని బటన్లను బిగించి అమ్మినది. తరువాత కోర్గ్ వారి నానోకంట్రోల్ (2008), నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి ట్రాక్టర్ కంట్రోల్ ఎక్స్1 (2010), న్యూమార్క్ వారి మిక్స్‌ట్రాక్ (2010), అలెన్ అండ్ హీత్ వారి జోన్ కె2 (2011) వచ్చినవి. వెస్టాక్స్ 2014 చివరలో దివాలా తీసినది.

నిలిచినవి, నిలువనివి

వెస్టాక్స్ మూతపడినా విసిఐ-100 ఆగిపోలేదు. అది పంపేది మిడి సందేశాలే కనుక, వాటిని వినే సాఫ్టువేరు ఏదైనా దానితో పనిచేస్తుంది. డెన్మార్కులోని కోపెన్‌హాగెన్‌లో టూ హాస్టె ఆండర్సన్ అనే పరిశోధక విద్యార్థి 2001లో ప్రారంభించిన మిక్స్ అనే స్వేచ్ఛా సాఫ్టువేరును నేడు స్వచ్ఛంద కార్యకర్తలు నడుపుతున్నారు. నూరుకు పైగా కంట్రోలర్ల మ్యాపింగులు దానితో పాటే వస్తాయి. తయారీదారు మరచిపోయిన పెట్టెలు కూడా వాటిలో ఉన్నవి. మ్యాపింగు లేకపోతే వాడుకరి స్వయంగా వ్రాసుకోవచ్చు. కంప్యూటరు విద్యార్థులకు ఇది మంచి అభ్యాసం, ఎందుకంటే మీట కదిపిన మరుక్షణమే తప్పొప్పులు వినిపిస్తాయి.

ఇదే కాలపు పెట్టెలలో నిరుపయోగమైనవీ ఉన్నవి. వాటి చరిత్ర చూస్తే చాలావరకు కారణం మీటల దగ్గర కాక, లోపల అమర్చిన సౌండుకార్డు దగ్గర కనబడుతుంది. సౌండుకార్డుకు కంపెనీ సొంత డ్రైవరు కావలసినపుడు, ఆ డ్రైవరును కొత్త ఆపరేటింగ్ సిస్టములకు తగినట్లు మార్చే బాధ్యత కంపెనీదే. అది ఆపివేస్తే చేయగలిగినది స్వల్పం. 2019లో ఆపిల్ సంస్థ మ్యాక్‌ఓఎస్ కెటలీనాతో 32-బిట్ ప్రోగ్రాములకు స్వస్తి చెప్పినపుడు ఎన్నో పాత సాఫ్టువేర్లు ఒక్కసారిగా పనికిరాకుండా పోయినవి. కనుక కొనేనాడు ఎక్కువ సదుపాయాలు గలదిగా కనిపించిన పెట్టె ముందు పాతబడినది. శబ్దం జోలికి పోని పెట్టె నిలిచినది. పాత కంట్రోలరు కొనేవారు రంగు, మెరుపు కన్నా ముందు, డ్రైవరు లేకుండా కంప్యూటరు దానిని గుర్తిస్తుందా లేదా అని చూడడం మేలు.

పలక దెబ్బ, సింక్ మీట

కొత్త కంట్రోలర్లలోనూ, సాఫ్టువేర్లలోనూ సింక్ అనే మీట ఉంటుంది. దానిని నొక్కితే రెండు పాటల దరువులు వాటంతట అవే కలుస్తాయి. యంత్రంతో తయారైన నృత్యసంగీతంలో నిమిషానికి 125 దరువులంటే మొదటినుండి చివరివరకు 125 దరువులే. అటువంటి పాటలకు సింక్ చక్కగా పనిచేస్తుంది.

తిరుపతిలో సాధారణంగా మే నెలలో జరిగే గంగమ్మ జాతరలో కానీ, వినాయక చవితి నుండి 21 రోజులు సాగే కాణిపాకం బ్రహ్మోత్సవాల కాలంలో ఊరూరా జరిగే నిమజ్జనాలలో కానీ వినిపించే పాటలు అన్నీ అటువంటివి కావు. పలకలు, పంబలు చేతితో వాయించగా రికార్డు చేసిన పాటలో ఉత్సాహం పెరిగిన కొద్దీ వేగం కూడా పెరుగుతుంది. కంప్యూటర్లు రాకముందు వాద్యబృందంతో రికార్డు చేసిన సినిమా పాటలలోనూ దరువు అటూ ఇటూ కదులుతుంది. సాఫ్టువేరు పాటంతటికీ సమానమైన గళ్ళు గీసుకొని లెక్క కడితే, రెండవ చరణం వచ్చేసరికి గళ్ళు ఒకచోట, దెబ్బ ఒకచోట ఉంటాయి. అక్కడ కావలసినది చెవి, చక్రం. చక్రాన్ని వేలితో కొద్దిగా ముందుకు తోసి, లేదా వెనక్కు లాగి దరువును సరిచేస్తారు.

పాత కంట్రోలర్లలో సింక్ లేకపోలేదు, అది సాఫ్టువేరులో ఉండేది. కానీ వాటిలోని ఒక లోపం వాడుకరికి చేతిపని నేర్పినది. వేగపు మీట పరిధి 8 శాతం ఎక్కువ నుండి 8 శాతం తక్కువ వరకు అనుకుందాం. 120 దరువుల పాటకు మొత్తం పరిధి 19.2 దరువులు. దీనిని 127 మెట్లుగా విభజిస్తే ఒక్కొక్క మెట్టు సుమారు 0.15 దరువు. కావలసిన వేగం రెండు మెట్ల నడుమ పడితే 0.075 దరువు తేడా మిగులుతుంది. నిమిషం గడిచేసరికి రెండు పాటలు సుమారు 38 మిల్లీ సెకన్లు విడిపోతాయి. నాలుగు నిమిషాలకు 150 మిల్లీ సెకన్లు, అంటే ఎవరికైనా వినిపించేంత. రెండు సందేశాలను జతచేసి 16,384 మెట్లు ఇచ్చే కంట్రోలర్లలో ఈ బాధ లేదు. మొదటి రకం వాడినవారు మాత్రం చక్రంపై వేలు తీయకుండా పనిచేయడం అలవాటు చేసుకున్నారు. పలక పాటలకు కావలసిన అలవాటు సరిగ్గా అదే.

అరుగుదల, మరమ్మతు

ఈ పెట్టెలు చిరకాలం మన్నుతాయని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. అరిగే భాగాలు తెలిసినవే. జారుడు మీటల కింద కార్బన్ పూత గల పట్టీ ఉంటుంది. దుమ్ము చేరినా, పూత అరిగినా మీట కదపకుండానే విలువలు గంతులు వేస్తాయి. మట్టిరోడ్డుపై ఊరేగింపులో తిరిగిన పెట్టెకు ఇది ముందుగా వచ్చే జబ్బు. ఎలక్ట్రానిక్ విడిభాగాల దుకాణాలలో దొరికే కాంటాక్ట్ క్లీనరుతో మొదటి రెండుసార్లు నయమవుతుంది, తరువాత మీటనే మార్చాలి. తీగను లాగినపుడల్లా యుఎస్‌బి సాకెట్టు దగ్గరి టంకం వదులవుతుంది. టంకం పెట్టడం వచ్చిన రేడియో మెకానిక్కుకు ఇది పెద్ద పని కాదు. కొన్ని నమూనాలపై మెత్తగా ఉండుటకు పూసిన రబ్బరు పూత ఏళ్ళ తరబడి వేడికి, తేమకు జిగురుగా మారుతుంది. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే తిరుపతి వంటి చోట్ల పెట్టెను వాహనంలో వదలకుండా ఉండడం మంచిది.

చప్పుడు, నిబంధనలు

డీజేలపై వచ్చే ఫిర్యాదులు కంట్రోలరుకు కాక యాంప్లిఫయర్లకు సంబంధించినవి. 2000వ సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. లౌడ్‌స్పీకరుకు వ్రాతపూర్వక అనుమతి కావాలి. రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు ఆరుబయట వాడరాదు. పండుగల కోసం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉన్నది. శబ్దం 10 డెసిబెల్స్ పెరగాలంటే స్పీకర్లకు పదిరెట్లు శక్తి ఇవ్వాలి. లారీ వెనుక జనరేటరు అంత పెద్దదిగా ఉండుటకు కారణం ఇదే.

సాధనకు ఈ సామానేదీ అవసరం లేదు. తిరుపతిలో గది అద్దెకు తీసుకొని చదువుకునే విద్యార్థి ఒక పాత కంట్రోలరు, ల్యాప్‌టాప్, చెవులకు హెడ్‌ఫోను పెట్టుకొని రాత్రి 10 తరువాత కూడా సాధన చేసుకోవచ్చు. పక్కగదికి వినిపించేది మీటల టకటక మాత్రమే.