ఫైర్‌వాల్‌కు ముందు చేయవలసిన పని

వేసవి రాకమునుపే భద్రాచలపు అడవులలో ఎండుటాకులను తొలగించి ఫైరులైనులు తీయుట మన విద్యార్థు లెఱిగినదే. లినక్సు సర్వరునకు ఫైర్‌వాల్ అనునదియు నట్టి కాపుదలయే. అయితే ఫైరులైను నిప్పునంతటిని ఆపును. ఇది ఎంచి యాపును, ఎంచి విడుచును. కావున ఎంపికయే ముందు జరుగవలెను.

సర్వరునకు పోర్టులను ద్వారములు 65,535 వఱకు అంకెలు గలవి యుండును. ఎస్.ఎస్. అను ఆజ్ఞచే వానిలో నేవి తెఱచియున్నవో చూచి కాగితముపై వ్రాసికొనవలెను. వెబ్‌పుటలకు 80, 443 చాలును. దూరమునుండి సర్వరును నడుపు ఎస్.ఎస్.హెచ్.కు సామాన్యముగా 22. ఎఱుగని ద్వార మేదైన గనబడినచో, అది యే పనికో తెలిసికొనక ముందునకు బోరాదు.

ఇక వరుస ముఖ్యము. ఖమ్మమున గూర్చుండి భద్రాచలమందలి సర్వరును సవరించువాడు 22ను అనుమతింపకయే సర్వమును మూసెనేని, తానే వెలుపల జిక్కును; 100 కిలోమీటర్లకు పైబడిన దారి బస్సులో బోయి యంత్రము నెదుట గూర్చుండవలసినదే! అందుచే ఐదు నిమిషములలో నియమములను తొలగించు ఆజ్ఞను ముందే అమర్చుట మేలు. పాత సంబంధము నిలిచినంతమాత్రమున నమ్మరాదు. అది పూర్వమే యేర్పడినది గనుక సాగుచుండవచ్చును. దానిని విడువక, క్రొత్తగా మఱియొక మారు ప్రవేశించి చూచి, ప్రవేశము దొరికిన పిమ్మటనే ఆ ఆజ్ఞను రద్దుచేయవలెను.