టర్బో ఎంత ఉంటే సరి?

సైలెన్సర్ గుండా వృథాగా పోయే వేడి పొగతో ఒక చక్రం తిప్పి, అదే ఇరుసుకున్న మరో చక్రంతో ఇంజిన్‌లోకి గాలిని కుక్కే ఉపాయానికి స్విస్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బ్యూచీ 1905లోనే పేటెంటు కోరాడు. 1920ల్లో గానీ అది ఓడల డీజిల్ ఇంజిన్లకు ఎక్కలేదు. ఓడ ఇంజిన్ గంటల తరబడి ఇంచుమించు ఒకే వేగంతో తిరుగుతుంది కాబట్టి దానికి తగ్గ టర్బో సైజు తేల్చడం తేలిక. చిక్కంతా కారుతోనే. ఇప్పుడు 1,000 ఆర్‌పీఎం దగ్గరున్న ఇంజిన్ కాసేపట్లో 6,000కు చేరుతుంది.

లెక్క చూడండి. 2 లీటర్ల ఫోర్‌స్ట్రోక్ ఇంజిన్ టర్బో లేకుండా రెండు చుట్లకోసారి దాదాపు 2 లీటర్ల గాలి పీలుస్తుంది. అంటే 6,000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి సుమారు 6,000 లీటర్లు. 2,000 దగ్గర అందులో మూడో వంతే. పై అంకెకు సరిపడే పెద్ద టర్బో బిగిస్తే, కింద వచ్చే కాస్త పొగకు దాని బరువైన చక్రం ఓ పట్టాన తిరగదు. యాక్సిలరేటర్ తొక్కి పికప్ కోసం ఎదురుచూడాలి. చిన్నది పెడితే చప్పున అందుకుంటుంది గానీ, ఆర్‌పీఎం పెరిగాక పొగ పోయే దారి ఇరుకై ఇంజిన్‌కు ఊపిరాడదు.

ఈ తంటా రెనో బాగా పడింది. 1977లో సిల్వర్‌స్టోన్‌లో ఫార్ములా వన్ బరిలో దిగిన దాని కారుకు ఒకటిన్నర లీటర్ల వి6 ఇంజిన్, ఒకే పెద్ద టర్బో. మలుపు దాటి యాక్సిలరేటర్ తొక్కితే ముందు ఏమీ ఉండేది కాదు, తర్వాత బలమంతా ఒక్కసారిగా మీద పడేది. 1979లో దాన్ని తీసేసి మూడేసి సిలిండర్లకు ఒకటి చొప్పున రెండు చిన్న టర్బోలు పెట్టారు. ఆ జులై 1న డిజాన్‌లో జా-పియేర్ జాబూయ్ గెలిచాడు. ఫార్ములా వన్‌లో టర్బో కారుకు అదే తొలి గెలుపు.

రోడ్డు కార్లలో స్వీడన్ కంపెనీ సాబ్ ఇదే దారి పట్టింది. 1977లో చూపిన 99 టర్బోకు చప్పున అందుకునే చిన్న టర్బో పెట్టి, ఒత్తిడి హద్దు దాటకుండా మిగులు పొగను పక్కకు మళ్లించే వేస్ట్‌గేట్ జతచేసింది. ఇప్పటి డీజిల్ కార్లు చాలావాటిలో అవసరాన్ని బట్టి పొగ దారిని సన్నం చేసి, వెడల్పు చేసే కదిలే రెక్కలున్నాయి.

ఎన్ని హంగులొచ్చినా, బండి ఎక్కువసేపు ఏ ఆర్‌పీఎంల మధ్య తిరుగుతుందో ముందు తేల్చుకోవాలి. హార్స్‌పవర్ లెక్క ఆ తర్వాతే. ట్రాఫిక్‌లో 2,000 దాటని కారుకు 6,000 దగ్గర బలమిచ్చే టర్బో బిగిస్తే డబ్బు దండగ.