గురువు, లఘువు, స్పిన్ తరంగం

అయస్కాంతంలోని ఇనుప పరమాణువు ఒక్కొక్కటీ ఓ బుల్లి అయస్కాంతమే. ఒకదాన్ని కాస్త కదిపితే పక్కది ఊగుతుంది, దాంతో దాని పక్కది. అలా పాకిపోయే ఊపే స్పిన్ తరంగం. 1930లో ఫెలిక్స్ బ్లాక్ దీన్ని ప్రతిపాదించాడు. ఇట్రియం ఐరన్ గార్నెట్ లాంటి విద్యుత్ బంధకంలోనూ ఇది సాగుతుంది. కరెంటు పారే పనే లేదు కనుక తీగ వేడెక్కే బాధా లేదు. సెల్‌ఫోన్లు వాడే గిగాహెర్ట్జ్ శ్రేణిలోనే పనిచేస్తుంది కాబట్టి ఇంజనీర్ల కన్ను దీనిమీద పడింది.

దారిలో అయస్కాంత పట్టీలను ఒకే ఎడంతో పేరిస్తే కొన్ని పౌనఃపున్యాలు సాగిపోతాయి, కొన్ని ఆగిపోతాయి. మరి ఆ పేర్పులో క్రమం ఉండీ, ఏ వరుసా అదేపనిగా తిరిగి రాకపోతే?

అలాంటి పదార్థాలున్నాయని 1982లో అల్యూమినియం, మాంగనీస్ మిశ్రలోహంలో డాన్ షెక్ట్‌మన్ కనిపెట్టాడు. రసాయన శాస్త్ర దిగ్గజం లైనస్ పాలింగ్ అంతటివాడు కడదాకా ఒప్పుకోలేదు. 2011లో నోబెల్ మాత్రం షెక్ట్‌మన్‌కే వచ్చింది. ఆ పదార్థాలనే క్వాసీక్రిస్టల్స్ అంటారు.

ఆ క్రమం ఎలాంటిదో ఛందస్సు తెలిసినవాళ్లకు ఇట్టే పట్టుబడుతుంది. వెడల్పు పట్టీ గురువు, సన్న పట్టీ లఘువు అనుకోండి. ప్రతి మెట్టులోనూ 'గ' ఉన్నచోట 'గల', 'ల' ఉన్నచోట 'గ' రాయాలి. గ, గల, గలగ, గలగగల, గలగగలగలగ... మూడో మెట్టులోనే రగణం! పొడవులు 1, 2, 3, 5, 8. ఫిబొనాచీ పేరున చెలామణీ అయ్యే ఈ సంఖ్యలు, మాత్రల లెక్క కట్టిన విరహాంకుడికీ హేమచంద్రుడికీ ఫిబొనాచీ కంటే ముందే తెలుసు.

పోలండ్‌లోని పోజ్నాన్ పరిశోధకులు పర్మలాయ్ అనే అయస్కాంత మిశ్రలోహంతో చేసిన రెండు వెడల్పుల తీగలను సరిగ్గా ఈ వరుసలో పేర్చి చూశారు. ఇలాంటి పేర్పులో తరంగం ఆగిపోయే పౌనఃపున్య శ్రేణులు చిన్నాపెద్దా కలిసి గుంపులుగా పుట్టుకొస్తాయి. కొన్ని తరంగాలు అటు మొత్తం పరుచుకోవు, ఇటు ఒక్కచోటే చిక్కుకోవు. ఒకే పరికరంతో అనేక పౌనఃపున్యాలను వడకట్టవచ్చన్న ఆశ ఇక్కడిదే. స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో ఇలాగే క్రమం ఉండీ తిరిగి రాని పెన్‌రోజ్ అల్లిక ప్రకారం అయస్కాంత పొరకు నానో రంధ్రాలు పొడిచి పరీక్షించారు.

ఇవన్నీ చెక్కిన నమూనాలే. పైగా పర్మలాయ్‌లో ఊపు కొన్ని మైక్రోమీటర్లకే సన్నగిల్లుతుంది. సహజంగానే క్వాసీక్రిస్టల్ అయి, ఫెర్రో అయస్కాంతం కూడా అయిన లోహం 2021లో గానీ దొరకలేదు. జపాన్‌లో ర్యూజీ తమురా బృందం బంగారం, గాలియం, గాడోలినియం కలిపి చేసిన ఆ మిశ్రలోహం సుమారు మైనస్ 250 డిగ్రీల సెల్సియస్ దిగువనే అయస్కాంతంగా ఉంటుంది. కనుక ప్రస్తుతానికి ఈ రంగం చెక్కుడు పనివాళ్లదే.