పాలు చాలవను మాట

పురుడు వచ్చిన యింట మూడవనాటికో నాల్గవనాటికో వినవచ్చు మాట యొకటి కలదు: "పిల్లకు పాలు చాలుట లేదు." ఈ మాటను మొదట పలుకునది సాధారణముగా వైద్యురాలు కాదు. చూడవచ్చిన మేనత్తయో, పొరుగింటి పెద్దముత్తైదువయో, ఒక్కొక్కప్పుడు బాలింతను కన్నతల్లియో పలుకును. వారి మనసులో కీడేమియు లేదు. బిడ్డ యేడ్చుచున్నది, ఏడుపునకు కారణము ఆకలియని తోచినది, ఆకలికి కారణము పాలు లేకపోవుటయని తేల్చినారు. సాయంకాలమునకు డబ్బాపాలును సీసాయు ఇంటికి వచ్చును. సీసాతో కడుపు నిండిన బిడ్డ తల్లికడ తక్కువగా కుడుచును. తక్కువగా కుడిచినకొలది పాలు తగ్గును. వారము తిరుగునప్పటికి పొరపాటుగా మొదలైన మాట నిజమై కూర్చుండును.

తల్లిపాల ప్రచారము చేయువారందరును ముందుగా ఈ యొక్క మాటకు సమాధానము చెప్పవలసియున్నది. తల్లిపాలు శ్రేష్ఠమని ఎన్నడును వినని తల్లి నేడు అరుదు. ఆస్పత్రి గోడలమీద ఆ వాక్యము వ్రాసియే యుండును. అర్ధరాత్రి బిడ్డ గుక్కపట్టి యేడ్చునప్పుడు గోడమీది వ్రాత అక్కరకు రాదు. "నీ పాలు చాలును తల్లీ, ఇట్లు ఎత్తుకొని చూడుము" అని దగ్గర కూర్చుండి చెప్పగల మనిషి కావలెను.

"అడగనిదే అమ్మయైనా పెట్టదు" అని సామెత. శరీరధర్మమునుబట్టి చూచినచో ఇది అక్షరాల సత్యము. పసిబిడ్డ అడుగుట యనగా కుడుచుటయే. బిడ్డ కుడిచినప్పుడెల్ల తల్లి మెదడు అడుగుననున్న పిట్యూటరీ గ్రంథినుండి ప్రొలాక్టిన్ అను హార్మోను వెలువడి పాలను తయారుచేయించును. ఆక్సిటోసిన్ అను వేరొక హార్మోను ఆ పాలను చనుమొనవైపునకు దింపును. ప్రొలాక్టిన్ రాత్రివేళ హెచ్చుగా వెలువడును గనుక, తల్లి నిద్ర చెడునని రాత్రి పాలు మాన్పించుట మేలు చేయబోయి కీడు చేయుటయే యగును.

ఆక్సిటోసిన్ పేరు వినకపోయినను దాని పని పాడిరైతు లెరుగుదురు. దూడను విడిచినంతనే ఆవు చేపును. బెదరిన ఆవు ఎగచేపును. పొదుగున పాలుండియు దిగవు. బాలింత విషయమును అట్టిదే. భయము, నొప్పి, చిన్నతనము పాలను దిగనీయవు. కావుననే "పాలు చాలవు" అను మాటను వట్టి యభిప్రాయముగా నెంచరాదు. ఉన్న పాలను అడ్డగించు శక్తి దానికి కలదు. పాలు పితుకునప్పుడు పాకలో అల్లరి చేయవద్దని పిల్లలను మందలించు పెద్దలే, బాలింత మంచము చుట్టును చేరి ఆమె వినుచుండగా ఆమె పాలనుగూర్చి తీర్పులు చెప్పుదురు.

ముర్రుపాల సంగతి ఇంకను వింతయైనది. గేదె ఈనిన తొలినాళ్ల పాలతో బెల్లమును మిరియములును చేర్చి జున్ను వండి ఇరుగుపొరుగులకు పంచుట తెలుగింటి వేడుక. ఆ పాలు ముందుగా దూడకు పట్టవలెనని రైతెరుగును. అట్టి యిండ్లలోనే, తల్లి తొలిపాలు పచ్చగా చిక్కగా నున్నవని పిండి పారబోసి, బిడ్డ నాలుకపై చక్కెరనీళ్లో తేనెయో ఆముదపుచుక్కయో వేయు ఆచారము చిరకాలము నడచినది. నేటికిని కొన్నిచోట్ల నశింపలేదు. ఏడాది నిండని బిడ్డకు తేనె అపాయకరమని వైద్యులు చెప్పుదురు. ముర్రుపాలు తొలినాడు కొన్ని చెంచాలకు మించవు. అప్పుడే పుట్టిన బిడ్డ చిన్నికడుపునకు అంతకుమించి అక్కరయు లేదు. రోగములనుండి కాపాడు పదార్థములు ఆ కొద్దిపాలలోనే దట్టముగా నుండును. కొద్దిగా నుండుటచేత చూచువారికి లేనట్లు తోచును. "పాలు పడలేదు" అను మాట అచ్చటనే పుట్టుచున్నది.

పుట్టిన గంటలోపల బిడ్డకు చన్నందింపవలెననియు, ఆరు మాసములు నిండువరకు నీరైనను పోయక తల్లిపాలే ఇయ్యవలెననియు, పిదప ఇతరాహారముతోపాటు రెండేండ్లవరకును, ఆ పైనను కొనసాగింపవచ్చుననియు ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. 2019-21 నడుమ జరిగిన ఐదవ జాతీయ కుటుంబారోగ్య సర్వేనుబట్టి, దేశమున నూటికి 88.6 కాన్పులు ఆస్పత్రులలోనే జరిగినవి. కాని గంటలోపల తల్లిపాలు అందినది నూటికి 41.8 మంది బిడ్డలకు మాత్రమే. తెలంగాణలో ఆస్పత్రి కాన్పులు నూటికి 97; గంటలోపల పాలు త్రాగిన బిడ్డలు నూటికి 37.1. మంత్రసానిని విడిచి వైద్యుని చెంతకు చేరినంతమాత్రమున తొలిగడియ దక్కలేదని ఈ యంకెలు తెలుపుచున్నవి. అదే సర్వేలో తెలంగాణ కాన్పులు నూటికి 60.7 శస్త్రచికిత్సతో జరిగినట్లు తేలినది. కోత కుట్టిన తల్లి తనంతట లేవలేదు, ప్రక్కకు తిరుగలేదు. బిడ్డను తెచ్చి, ప్రక్కన పరుండబెట్టి, నోరు అందించు చేయి యొకటి కావలెను. ఆ చేయి నర్సుదైనను సరే, తల్లిదైనను సరే, లేనిచో ఆ బిడ్డ తొలియాహారము డబ్బానుండియే వచ్చును.

డబ్బా దానంతట అది ఇంటింటికి నడచి రాలేదు. 1939లో డాక్టరు సిసిలీ విలియమ్స్ సింగపూరున "పాలు, హత్య" అను శీర్షికతో ఉపన్యసించి, తీపి కలిపిన డబ్బాపాలను శిశువులకు తగిన ఆహారమని ప్రచారము చేయుటను తీవ్రముగా ఖండించెను. 1981 మే నెలలో ప్రపంచ ఆరోగ్యసభ ఇట్టి వ్యాపారమునకు అంతర్జాతీయ నియమావళి నేర్పరచెను. భారతదేశము 1992లో చట్టము చేసి, 2003లో దానిని బిగించినది. శిశువుల పాలడబ్బాలకును సీసాలకును ప్రకటనలు చేయుట, తల్లులకు ఉచితముగా పంచుట, డబ్బాపై పసిబిడ్డ బొమ్మ వేయుట దీనిచే నిషిద్ధములు. చట్టము ప్రకటనను ఆపగలదు. పొరుగింటి మాటను ఆపలేదు. మాటకు మాటయే విరుగుడు.

అట్టి విరుగుడు పనిచేయునని నిరూపించిన పరిశోధనలు కలవు. 2003లో వెలువడిన హర్యానా పరిశోధనలో కొన్ని పల్లెప్రాంతముల అంగన్‌వాడీ కార్యకర్తలకును, మంత్రసానులకును, నర్సులకును శిక్షణ యిచ్చిరి. ఇంటికి పోయినప్పుడు, టీకా వేయునప్పుడు, బిడ్డను తూచునప్పుడు తల్లితో పాలనుగూర్చి మాటలాడుట వారి పని. మూడు మాసములనాటికి కేవలము తల్లిపాలపై నున్న బిడ్డలు ఆ ప్రాంతములలో నూటికి 79. శిక్షణ లేని ప్రాంతములలో 48. అంతకుముందు ఢాకా నగరమున జరిగి 2000లో ప్రకటితమైన పరిశోధన ఇంకను ఆశ్చర్యకరము. తాము బిడ్డలకు పాలిచ్చిన అనుభవముగల స్థానిక స్త్రీలకు 40 గంటలపాటు శిక్షణ నొసగి, కడపటి మాసముల గర్భిణి మొదలు అయిదు నెలల బాలెంతవరకు పదిహేనుమార్లు ఇంటికి పంపిరి. అయిదవ మాసమున ఆ తల్లులలో నూటికి 70 మంది కేవలము తమ పాలే యిచ్చుచుండగా, ఎవరును పోని చోట్ల అట్టివారు 6 మంది మాత్రమే. ఉభయత్రా తల్లులలో తేడా లేదు, వారి పాలలో తేడా లేదు. తలుపు తట్టిన మనిషి యున్నచోట ఒక ఫలితము, లేనిచోట వేరొకటి.

ఆ మనిషి మాట ఎట్లుండవలెను? "ఎందుకు పాలిచ్చుట లేదు?" అనునది నేరవిచారణ. "పాప పాలు కుడుచుట ఎట్లున్నదమ్మా?" అని యడిగి ఊరకుండినచో తల్లి తానే చెప్పుకొనును. చనుమొన చీరినదనియో, తడిబట్ట మార్చుటకు కూడ లేవలేకున్నాననియో అసలు బాధ బయటపడును. అప్పుడు చూపవలసినవి చిన్నసంగతులు. బిడ్డ నోరు పెద్దదిగా తెరచి, చనుమొననే కాక చుట్టునున్న నల్లనిభాగమునుకూడ అందుకొనవలెను. గడ్డము రొమ్మును తాకవలెను. క్రిందిపెదవి వెలుపలికి మడతపడియుండవలెను. అట్లున్నచో నొప్పి తగ్గును, పాలు దిగును.

అత్తగారిని శత్రువుగా నెంచి చేయు ప్రచారము గడప దాటదు. ఆమె బిడ్డలను పెంచినది. మనుమనిపై ఆమె ప్రేమకు సందేహము లేదు. ఆమెకు ఒక పని యొప్పగించుట మేలు. "పెద్దమ్మగారూ, పిల్లవాడు రోజునకు ఎన్ని బట్టలు తడుపుచున్నాడో మీరు లెక్క చూడండి" అన్నచో ఆమెయే కాపరి యగును. తొలివారము గడచిన పిదప రోజునకు ఆరుమార్లకు తక్కువకాక మూత్రము పోసి, బరువు పెరుగుచున్న బిడ్డకు పాలు చాలుచున్నట్లే. పుట్టిన తొలిదినములలో బరువు కొంత తగ్గి రెండు వారములలో మరల చేరుకొనుట సహజమని ముందే చెప్పినచో ఇల్లు బెదరదు. భర్తకును పని కలదు: బాలింతకు చెంబుతో నీళ్లందించుట, కడుపునిండ తినునట్లు చూచుట, రాత్రి బిడ్డను కొంతసేపు భుజాన వేసికొనుట.

2016 ఆగస్టులో కేంద్ర ఆరోగ్యశాఖ ఆరంభించిన కార్యక్రమమునకు "మా" అని పేరు. ఆశా కార్యకర్తలు తల్లులను సమావేశపరచుటయు, నర్సులకు శిక్షణ యిచ్చుటయు దానిలోని భాగములు. హిందీలో ఆ మాటకు తల్లి యని యర్థము. తెలుగువానికది "మాది" అన్నట్లు వినిపించును. ఆ రెండవ యర్థమే ఇచ్చట ముఖ్యము. 2017 చట్టసవరణతో ప్రసూతిసెలవు 26 వారములైనది. కాని వరినాట్లకును మిరపకోతకును పోవు కూలితల్లికి సెలవిచ్చువారెవరు? బిడ్డను గట్టునకు తెచ్చినప్పుడు కూలి కోయక కొంతసేపు విడిచిపెట్టు మేస్త్రి, నీడన బిడ్డను చూచు ముసలమ్మ ఆమెకు చట్టమువలె ఉపకరింతురు.

నిజముగనే పాలు చాలని తల్లులును, వ్యాధిచేతనో మందులచేతనో ఇయ్యరాని తల్లులును కలరు, వారు కొద్దిమంది. వారికి వైద్యుని సలహా కావలెను, నింద తగదు. ఇతర తల్లుల పాలను సేకరించి రోగిశిశువులకిచ్చు నిధి 1989లోనే బొంబాయి సయాన్ ఆస్పత్రిలో వెలసినది. తల్లిపాలు ఒక్క తల్లి బాధ్యతయే కాదని ఆ నిధియే సాక్ష్యమిచ్చుచున్నది.

బిడ్డ యేడ్చి యడుగును; బాలింత సిగ్గుపడి యడుగదు. ఆమె అడుగకముందే పీట వేసికొని దగ్గర కూర్చుండి, "ఏదీ, నన్ను చూడనిమ్ము" అను వారు వీధి కొక్కరున్నచో, పాలు చాలవను మాట ఆ వీధిలో నిలువదు.