అంకె కరెక్టే.. యూనిటే కొంప ముంచింది!

పెట్రోల్ బంకులో కారుకి గాలి కొట్టించేటప్పుడు ‘32 పెట్టు అన్నా’ అంటాం. ఆయన పెట్టేస్తాడు, మనం వచ్చేస్తాం. 32 ఏంటి అని ఎవరూ అడగరు. అడిగితే ‘పీఎస్‌ఐ’ అంటాడు. చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు అని అర్థం. ఇక్కడే ఒక తిరకాసు ఉంది. పౌండ్ అంటే సరుకులు తూచే కొలత కదా. టైర్లో గాలిని ఎవరూ తక్కెట్లో పెట్టి తూచలేదే! నిజానికి ఈ పౌండ్ ద్రవ్యరాశి కాదు, బలం. పూర్తి పేరు పౌండ్-ఫోర్స్. టైరు లోపలి గోడలో ఒక్కో చదరపు అంగుళం మీద పద్నాలుగున్నర కిలోల బరువు మోపినంత తోపుడు అన్నమాట. వాడుకలో ‘ఫోర్స్’ ఎగిరిపోయి, ఒట్టి పౌండ్ మిగిలింది.

మన కిలోది కూడా ఇదే కథ. బాత్రూమ్ స్కేల్ మీద నిలబడితే 60 కిలోలు అని చూపిస్తుంది. కానీ ఆ మిషన్‌కి మీ ద్రవ్యరాశి తెలీదు. మీ కాళ్లు ఎంత బలంతో నొక్కుతున్నాయో మాత్రమే తెలుసు. ఆ బలాన్ని 9.8తో భాగించి కిలోల్లో చెబుతుంది. అదే మిషన్‌ని చంద్రుడి మీదకి తీసుకెళ్లి ఎక్కితే 10 కిలోలు కూడా చూపించదు. డైటింగ్ అక్కర్లేదు!

ఈ గందరగోళం తీర్చడానికి వచ్చిందే న్యూటన్. కిలో ద్రవ్యరాశి ఉన్న వస్తువు వేగం సెకనుకి సెకనుకి ఒక మీటరు చొప్పున పెరగాలంటే ఎంత బలం కావాలో అదే ఒక న్యూటన్. చేతిలో ఫోన్ ఉంది కదా, 200 గ్రాములదైతే మీ అరచేతిని దాదాపు 2 న్యూటన్లతో నొక్కుతోంది. తమాషా ఏంటంటే, న్యూటన్ 1727లోనే కన్నుమూశారు. బలం యూనిట్‌కి ఆయన పేరు అంతర్జాతీయంగా ఖరారైంది 1948లో. అప్పటివరకూ ల్యాబుల్లో డైన్‌ది పెత్తనం. అది మరీ బుల్లి యూనిట్, లక్ష డైన్లు కలిస్తే ఒక న్యూటన్.

ఇంకోటి ఉంది.. కేజీఎఫ్! యశ్ సినిమా కాదు, కిలోగ్రామ్-ఫోర్స్. కిలో వస్తువుని భూమి లాగే బలం, 9.80665 న్యూటన్లు. పాత బైకుల బ్రోచర్లలో టార్క్ ‘కేజీఎం’లో ఉండేది, ఇప్పుడు ‘ఎన్ఎం’లో ఉంటుంది. పాత అంకె పక్కన కొత్త అంకె దాదాపు పది రెట్లు కనిపిస్తుంది. ఇంజిన్ మాత్రం అదే.

బైకు టార్క్ తప్పుగా అర్థం చేసుకుంటే మనకి పోయేదేమీ లేదు. అంగారకుడి దగ్గర పోయింది.

చిన్న చిన్న తోపులు

1998 డిసెంబర్ 11న నాసా ‘మార్స్ క్లైమేట్ ఆర్బిటర్’ని ప్రయోగించింది. అంగారకుడి వాతావరణాన్ని గమనించే నౌక, ఖర్చు సుమారు 12.5 కోట్ల డాలర్లు. దీనికి సోలార్ ప్యానెల్ ఒకే పక్కన ఉంది. సూర్యకాంతికి కూడా చిన్నపాటి ఒత్తిడి ఉంటుంది కాబట్టి, నౌక మెల్లగా పక్కకి తిరిగిపోయేది. దాన్ని సరిగ్గా నిలబెట్టడానికి లోపల చక్రాలు తిరుగుతూ ఉంటాయి. వాటి వేగం హద్దు దాటకుండా అప్పుడప్పుడూ బుల్లి థ్రస్టర్లని కాసేపు మండించి చక్రాలని నెమ్మదింపజేయాలి. అనుకున్నదానికంటే 10 నుంచి 14 రెట్లు ఎక్కువసార్లు ఈ పని చేయాల్సి వచ్చింది.

మండించిన ప్రతిసారీ నౌక దారి ఇసుమంత మారుతుంది. ఎంత మారిందో తెలియాలంటే బలాన్ని, అది పనిచేసిన కాలంతో గుణించాలి. పాఠ్యపుస్తకాల్లో దీన్నే ప్రచోదనం అంటారు. నౌకని తయారుచేసిన లాక్‌హీడ్ మార్టిన్ వాళ్ల గ్రౌండ్ సాఫ్ట్‌వేర్ ఈ లెక్కని ఒక ఫైల్‌లో రాసి పంపేది. జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలోని నావిగేషన్ టీమ్ దాన్ని తీసుకుని దారి లెక్కగట్టేది. ఒప్పందం ప్రకారం అంకెలు న్యూటన్-సెకన్లలో ఉండాలి. వచ్చినవి పౌండ్-సెకన్లలో. ఒక పౌండ్-ఫోర్స్ అంటే 4.45 న్యూటన్లు. అంటే ప్రతి తోపునీ అసలుకంటే నాలుగున్నర రెట్లు తక్కువగా లెక్కేశారు.

రోజూ కోడ్ రాసేవాడిగా నన్ను భయపెట్టేది ఈ భాగమే. ప్రోగ్రామ్ క్రాష్ కాలేదు. ఎర్రర్ రాలేదు. ఫైల్లో ఉన్నవి చక్కటి దశాంశ సంఖ్యలు. 4.45 రెట్ల తేడా కూడా ఎంత దొంగదో చూడండి. వెయ్యి రెట్లు తేడా వస్తే పిల్లాడైనా పట్టేస్తాడు, నాలుగు రెట్లంటే ‘ఏదో చిన్న తేడాలే’ అనిపిస్తుంది.

అసలు ఎవరికీ అనుమానం రాలేదా అంటే, వచ్చింది! మొదటి నాలుగు నెలలు ఫైల్ ఫార్మాట్ సమస్యల వల్ల ఈ డేటాని వాడనే లేదు. 1999 ఏప్రిల్లో వాడకం మొదలైన వారం రోజుల్లోనే అంకెలు తేడాగా ఉన్నాయని నావిగేషన్ వాళ్లు గమనించారు. ఆ మాట మెయిళ్లలో, కబుర్లలో తిరిగిందే తప్ప, సమస్యగా పద్ధతి ప్రకారం నమోదై చివరిదాకా వెళ్లలేదు. దానికి తోడు, భూమి నుంచి రేడియో సిగ్నల్‌తో కొలిస్తే నౌక మనకి దగ్గరగా వస్తోందా, దూరంగా పోతోందా అన్నదే బాగా తెలుస్తుంది. ఈ తోపులేమో ఎక్కువగా అడ్డదిశలో పడ్డాయి. నేరుగా పట్టుకోవడం కష్టమైంది.

226 నుంచి 57కి

అంగారకుడి ఉపరితలానికి 226 కిలోమీటర్ల ఎత్తులో వెళ్లాలని సెప్టెంబర్ 15న చివరిసారి దారి సరిచేశారు. ఆ తర్వాతి వారంలో అంచనా 150-170కి జారింది. చేరడానికి 24 గంటల ముందు 110 అంది. 80 వరకూ నౌక తట్టుకుంటుందన్నది లెక్క. ఇంకోసారి దారి మార్చే అవకాశం గురించి చర్చ జరిగింది కానీ, మార్చలేదు.

సెప్టెంబర్ 23న ఇంజిన్ మండించారు. నౌక అంగారకుడి చాటుకి వెళ్లేటప్పుడు సిగ్నల్ ఆగిపోవడం మామూలే. అయితే అనుకున్న సమయానికి 49 సెకన్ల ముందే ఆగింది. అవతలి పక్క నుంచి మళ్లీ రాలేదు. తర్వాత లెక్కేస్తే తేలిన ఎత్తు 57 కిలోమీటర్లు.

యూనిట్ తప్పు రాసిన ఇంజినీరుని తిట్టడం తేలికే. నా లెక్కలో మాత్రం పెద్ద తప్పు అది కాదు. రెండు టీమ్‌ల సాఫ్ట్‌వేర్‌ని కలిపి మొదలు నుంచి చివరి దాకా ఒక్కసారి గట్టిగా టెస్ట్ చేస్తే దొరికిపోయే బగ్ ఇది. విచారణ బోర్డు కూడా టెస్టింగ్ చాల్లేదనే చెప్పింది.

ఇప్పుడు ఎఫ్ షార్ప్ లాంటి భాషల్లో సంఖ్యకే యూనిట్‌ని అతికించొచ్చు. న్యూటన్లకి పౌండ్లని కలపబోతే ప్రోగ్రామ్ కంపైలే అవ్వదు. పైథాన్‌లో ఇదే పనికి ‘పింట్’ అనే లైబ్రరీ ఉంది. ఇన్‌స్టాల్ చేయడానికి ఒక్క లైన్ చాలు.

ఆ నౌక చేయాల్సిన పని మాత్రం ఆగిపోలేదు. 2005లో బయల్దేరిన ‘మార్స్ రికనైజెన్స్ ఆర్బిటర్’ అలాంటి వాతావరణ పరికరాలనే మోసుకుని మరుసటి ఏడాది అంగారక కక్ష్యలోకి చేరింది.