వ్రాతప్రతి, పరిష్కర్త, ఒప్పందం

హజ్రత్ ఉర్వా బిన్ జుబైర్ (రహ్మ) ఒకసారి తమ కుమారుడు హిషామ్‌ను, వ్రాయడం పూర్తయిందా అని అడిగారు. పూర్తయిందని కుమారుడు చెప్పాడు. వ్రాసినదాన్ని మూలంతో పోల్చి చూశావా అని మళ్లీ అడిగారు. లేదని జవాబు వచ్చింది. అయితే నీవు వ్రాయనట్లే అన్నారు తండ్రిగారు. హదీసు విద్యార్థులకు చిరపరిచితమైన ఉల్లేఖనం ఇది. ఇలా పోల్చి చూడడాన్నే మన పండితులు ‘ముఖాబలా’ అన్నారు. వ్రాసినవానికి తన తప్పు తనకు కనిపించదు. అందుకే రెండవ కన్ను అవసరం.

నేడు అరబీ, ఉర్దూ గ్రంథాలను తెలుగులోకి తెచ్చేవారికీ, విశ్వవిద్యాలయాలకు సిద్ధాంత వ్యాసాలు సమర్పించేవారికీ ఆ రెండవ కన్ను తరచుగా స్వతంత్రంగా పనిచేసే పరిష్కర్త రూపంలో లభిస్తున్నది. జీతమిచ్చి పరిష్కర్తను పెట్టుకొనే స్తోమత చిన్న ప్రచురణ సంస్థలకు ఉండదు గనుక గ్రంథకర్తే వెతికి కుదుర్చుకోవలసి వస్తున్నది. ఈ కుదుర్చుకోవడం ఫిఖహ్ పరిభాషలో ‘ఇజారా’ క్రిందికి వస్తుంది. దాని మూల నియమం సులభమైనది: చేయవలసిన పని తెలిసి ఉండాలి, ఇవ్వవలసిన ప్రతిఫలం తెలిసి ఉండాలి. గ్రంథకర్తకూ పరిష్కర్తకూ మధ్య నేను చూసిన తగాదాలన్నీ ఈ రెండింటిలో ఏదో ఒకటి తేలకపోవడం వల్ల వచ్చినవే.

పని ఏది?

“కాస్త చూసి పెట్టండి” అనడం పని చెప్పడం కాదు. పరిష్కరణలో మూడు అంచెలు ఉన్నాయి. మొదటిది నిర్మాణానికి సంబంధించినది: అధ్యాయాల వరుస, వాదనలోని ఖాళీలు, పునరుక్తులు ఇందులో చూస్తారు. రెండవది భాషా పరిష్కరణ: వాక్య నిర్మాణం, వర్ణక్రమం, పేర్లలో ఏకరూపత దీని పరిధి. మూడవది ప్రూఫులు దిద్దడం: పేజీలు కట్టిన తరువాత మిగిలిన అచ్చు తప్పులను ఏరివేయడం. ఈ వరుస తారుమారైతే ధనం వృథా. రేపు తీసివేయబోయే అధ్యాయానికి ఈనాడు కామాలు దిద్దించి ప్రయోజనమేమిటి?

అనువాదానికి నాలుగవ పని కూడా ఉన్నది. అదే మూలంతో పోల్చడం. తెలుగు మాత్రమే తెలిసిన పరిష్కర్త, ఎంత సమర్థుడైనా, ఈ పని చేయలేడు. దీనికి మూలభాష తెలిసిన వ్యక్తిని వేరుగా చూసుకోవాలి.

నేను నేర్చుకున్న పాఠం

కొన్నేళ్ల క్రితం వివాహ ధర్మాలపై ఒక ఉర్దూ పుస్తకాన్ని తెలుగు చేశాను. ‘మహర్’ అన్న మాటకు ‘వధుకట్నం’ అని వ్రాశాను. పరిష్కర్త మంచి తెలుగు తెలిసినవారు. పుస్తకం పొడుగునా ‘వధు’ ఎందుకని భావించి, అంతటా ‘కట్నం’ అని కుదించారు. అచ్చయిన మొదటి ఫారం ఇంటికి తెచ్చినప్పుడు నా భార్య చదివి, “ఏమండీ, కట్నం ఇవ్వడం విధి అని మన ధర్మం ఎక్కడ చెప్పింది?” అని అడిగింది. భర్త భార్యకు చెల్లించవలసిన హక్కు, ఆడపిల్ల తండ్రి చెల్లించే దురాచారంగా మారిపోయింది. ఆ పదహారు పేజీలను మళ్లీ అచ్చు వేయించాము.

తప్పు పరిష్కర్తది కాదు, నాది. ఏ మాటలను ముట్టుకోరాదో నేను ఆయనకు చెప్పలేదు. అప్పటినుండి వ్రాతప్రతితోపాటు ఒక పరిభాషా పట్టిక కూడా ఇస్తున్నాను. ‘ఫర్జ్’, ‘వాజిబ్’ అనే రెండు మాటలకూ ‘విధి’ అని పెడితే తెలుగు సాఫీగానే ఉంటుంది; కాని హనఫీ ఫిఖహ్‌లో ఐదు పూటల నమాజులు ఫర్జ్, విత్ర్ వాజిబ్ అన్న భేదం చెరిగిపోతుంది. ఇటువంటి మాటలు, వ్యక్తుల పేర్ల వర్ణక్రమం, సూరా ఆయత్‌ల సంఖ్యలు వ్రాసే పద్ధతి ఆ పట్టికలో ఉండాలి.

ఎంపిక, ప్రతిఫలం

పరిష్కర్తను నిర్ణయించే ముందు సుమారు వెయ్యి మాటల నమూనా ఇచ్చి దిద్దించండి. దానికీ ప్రతిఫలం ఇవ్వండి. నమూనాను పుస్తకం మధ్యభాగం నుండి తీయండి, మొదటి అధ్యాయాన్ని మీరే పదిసార్లు దిద్ది ఉంటారు. ఎన్ని మార్పులు చేశారని కాక, ఎక్కడ ఆగి ప్రశ్న వేశారో చూడండి. సందేహం వచ్చినచోట మాట మార్చక అంచున ప్రశ్న వ్రాసేవారే నమ్మదగినవారు. కంప్యూటరులో దిద్దితే ప్రతి మార్పూ కనిపించేటట్లు ఉంచమని కోరండి.

ప్రతిఫలం పేజీకా, మాటకా, గంటకా అన్నది తేల్చుకోవాలి. పేజీకి అయితే ఎన్ని మాటల పేజీ అన్నది కూడా. ఎన్నిసార్లు చూస్తారు, గడువు ఎంత, బయానా ఎంత, మధ్యలో పని ఆగితే లెక్క ఎలా, వ్రాతప్రతిని ఇతరులకుగాని యంత్రాలకుగాని అప్పగించవచ్చునా అన్నవి కాగితంపై ఉండాలి. అను అక్షరాల నుండి యూనికోడుకు మార్చేటప్పుడు ఒత్తులు చెదరడం కద్దు. ఆ తరువాతి ప్రూఫు ఎవరి బాధ్యతో కూడా వ్రాసుకోవాలి. గడువు గల అప్పును వ్రాసుకోమని అల్ బఖరా సూరా 282వ ఆయత్ ఆదేశిస్తున్నది. ఆ జాగ్రత్త ఇక్కడా మేలు చేస్తుంది. చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న దైవప్రవక్త (సఅసం) బోధ కలం కూలికి కూడా వర్తిస్తుంది.

సిద్ధాంత వ్యాసమైతే ముందుగా పర్యవేక్షకుని అనుమతి తీసుకోవాలి. పరిష్కర్త భాషను దిద్దవచ్చును, వాదనను సమకూర్చరాదు. అలా చేస్తే పట్టా ఒకరిది, పని మరొకరిది అవుతుంది. పొందిన సహాయాన్ని కృతజ్ఞతలలో పేర్కొనడం న్యాయం.

చివరిగా ఒక మాట. పరిష్కర్త దిద్ది పంపిన ప్రతి మార్పునూ గ్రంథకర్త స్వయంగా చదివి అంగీకరించాలి లేదా త్రోసిపుచ్చాలి. కూలి ఇచ్చి శ్రమను పంచుకోవచ్చు. అట్టమీద ఉన్న పేరుకు జవాబుదారీని పంచుకోలేము. దిద్దినదాన్ని కూడా పోల్చి చూసిన తరువాతే మనం వ్రాసినట్లు.